భరణికి తక్కువైనది

పోయిన నెల మా వరద చిన్నాయన కంటి ఆపరేషన్ చేయించుకోవడానికి తిరుపతి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. ఎనభై దాటిన మనిషి. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, వరండాలో పడక్కుర్చీలో చేరగిలబడి, కళ్ళకు సెలవిచ్చిన ఆ కొద్ది రోజులూ నోటికి బాగా పని చెప్పాడు. మా ఇంట్లో ఇప్పుడున్న డాషండ్ కుక్కలు రెండూ ఆయన కాళ్ళ దగ్గర చేరితే వాటి వీపులు నిమురుతూ మా కోడలికి పాత కథలు మొదలుపెట్టాడు. "మీ అత్త ఈ కుక్కల పిచ్చిలో పడిందే నా వల్ల. మా భరణిగాడు మొట్టమొదటి షోలోనే ఫస్టు ప్రైజు కొట్టినాడు, తెలుసునా? జడ్జి చేతులెత్తి దండం పెట్టినాడు" అంటుంటే, వంటింట్లో ఉన్న నేను గరిటె పట్టుకునే బయటికి వచ్చాను. "చిన్నాయనా, ఆ రోజు నేనూ ఉన్నాను కదా" అన్నాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "నువ్వు చిన్నపిల్లవమ్మా అప్పుడు, నీకేం తెలుసు" అనేశాడు. ఆ రోజు కుక్కను పట్టుకుని రింగులో నడిచింది నేను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే జరిగింది జరిగినట్టు రాసిపెడుతున్నాను. నన్నడిగితే చిన్నాయన చెప్పే కథకంటే జరిగిందే బాగుంటుంది.

అప్పట్లో మేము గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక సన్నటి వీధిలో ఉండేవాళ్ళం. ముందు అరుగు, లోపల నడవ, నడవ దాటితే పెరడు, పెరట్లో చేదబావి. మా తాతలది స్వామికి పూలమాలలు కట్టే కైంకర్యం. తాత పోయి చాలాకాలమైనా ఇంట్లో ఆ వాసన మిగిలే ఉండేది. దవనం, మరువం, తడిపిన అరటినార, దేవుడి గదిలో పచ్చకర్పూరం. తెల్లవారకముందే మా అవ్వ బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుని తడిచీరతో లోపలికి వస్తుంటే మేమంతా గోడలకు అతుక్కుపోయేవాళ్ళం. పొరపాటున కొంగు తగిలినా మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళేది, వెళ్తూ వెళ్తూ తగిలినవాళ్ళ చదువునూ బుద్ధినీ ఏకరువు పెట్టేది. ఆరేసిన మడిబట్ట మీద కాకి నీడ పడిందని ఇంకోసారి తడిపిన మనిషి ఆమె. మా నాయన బడిలో సంస్కృతం పంతులు. ఆయన పాఠాలు బడిలోనే అయిపోయేవి కాబట్టి ఇంట్లో ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. అమ్మ అంతకంటే తక్కువ మాట్లాడేది గానీ, అవ్వ కోప్పడిన ప్రతిసారీ వంటింట్లోకి వెళ్ళి, తిరగలి ముందు కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వుకునేది. అటువంటి ఇంట్లోకి కుక్కను తేవాలన్న ఆలోచన మా వరద చిన్నాయనకు తప్ప ఇంకెవరికీ రాదు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. అప్పటికింకా పెళ్ళి కాలేదు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో మేనేజరు. దేశం నలుమూలల నుంచీ కొండకు వచ్చే జనం ఆయన దగ్గర గదులు తీసుకునేవాళ్ళు, ఏడాదికోసారి వచ్చేవాళ్ళంతా ఆయనకు చుట్టాలైపోయేవాళ్ళు. మద్రాసు నుంచి వచ్చే ఒక పెద్దామె ఉండేది. ఇంట్లో డాషండ్ కుక్కలు పెంచి, షోలకు తీసుకెళ్ళి కప్పులు గెలుచుకునే మనిషి. ఒకసారి లాడ్జిలో లిఫ్టు చెడిపోతే చిన్నాయన ఆమె ముసలితల్లిని కుర్చీలో కూర్చోబెట్టి పై అంతస్తు దాకా తానే మోశాడట. ఆ అభిమానంతో ఆమె మరుసటి సారి వస్తూ వస్తూ ఒక కుక్కపిల్లను తెచ్చి ఈయన చేతుల్లో పెట్టింది.

ఆ సాయంత్రం చిన్నాయన వెదురుబుట్టను తువ్వాలుతో కప్పి తెచ్చి నడవలో దించాడు.

"ఏంరా అది, పనసపండా?" అని అడిగింది అవ్వ.

పనసపండు ఆవులించింది. తువ్వాలు పక్కకు జారింది. ముదురు గోధుమరంగు ముట్టె, ఆ ముట్టెకు రెండు పక్కలా తమలపాకుల్లా వేలాడే చెవులు, బుట్ట ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒళ్ళు. కాళ్ళు మాత్రం ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అవ్వ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"దీనికి కాళ్ళు ఏమైనాయిరా?"

"ఇంతేమ్మా. ఈ జాతి ఇట్లే ఉంటాది. పేరు బారన్. అంటే జమీందారని అర్థం."

"భరణా? భరణి నక్షత్రంలో పుట్టినాడా?" అంది అవ్వ. మా ఇంట్లో ఊరగాయ వేసే జాడీని కూడా భరణి అనే అంటాము. నిజానికి వాడు పక్కకు పడుకోబెట్టిన ఊరగాయ భరణిలాగే ఉన్నాడు. ఆ క్షణం నుంచి వాడు భరణే. కాగితాల మీదున్న ఇంగ్లీషు పేరు కాగితాల మీదే ఉండిపోయింది.

ఆ కాగితాలు చూసి మెత్తబడింది మాత్రం మా నాయన. వాడి తండ్రి, తాత, ముత్తాత, ముత్తాత తండ్రి, తల్లి వైపు వాళ్ళు, అందరి పేర్లూ వరసగా గళ్ళలో రాసి ఉన్నాయి. నాయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చదివి, "అమ్మా, మనం తద్దినంలో మూడు తరాలే చెప్తాము. వీనికి నాలుగు తరాలు ఉండాది" అన్నాడు. మూడు తరాల కంటే నాలుగు తరాలు ఎక్కువని అవ్వకూ తెలుసు. భరణికి పెరట్లో బావి పక్కనున్న రేకుల కొట్టం ఇచ్చారు. పెరడు దాటి నడవలోకి రాకూడదని షరతు పెట్టారు. ఆ షరతు భరణికి ఎవరూ చెప్పలేదు.

కొంతకాలం బాగానే జరిగింది. ధనుర్మాసం వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. ఆ నెలంతా మా అవ్వ చీకటితోనే లేచి వాకిట్లో పేడనీళ్ళు చల్లి, వీధి సగం దాకా ముగ్గు వేసేది. శంఖం, చక్రం, నామం, వాటి చుట్టూ తామరలు. గుడికి వెళ్ళేవాళ్ళు ఆగి చూసి వెళ్ళేవాళ్ళు, ఆమె చూడనట్టు నటించేది. వేరే కుక్కయితే ముగ్గు దాటితే నాలుగు అడుగుజాడలు పడతాయి, అంతే. మా భరణి పొట్ట నేలకు అంగుళం ఎత్తులో ఉండేది. వాడు ఒక్కసారి ఆ పక్కనుంచి ఈ పక్కకు నడిచి వస్తే చీపురు పెట్టి ఊడ్చినట్టు మధ్యలో బాట పడిపోయేది. పైగా ఆ ముగ్గుపిండి పొట్టకు అంటించుకుని, నేరం తనది కాదన్నట్టు అరుగెక్కి కూర్చునేవాడు. చక్రం సగానికి చెరిగిపోయిన రోజున అవ్వ చీపురు కింద పడేసి లోపలికి వచ్చింది.

"వరదా, దీన్ని రేపు పొద్దున్నే వడమాలపేటకు తోలెయ్. మీ మామోళ్ళ మామిడితోటలో పడుంటాది."

వడమాలపేట తోట సంగతి మాకు తెలుసు. అక్కడ కోడెదూడలంత ఊరకుక్కలు రెండుండేవి. రాత్రిపూట నక్కలు తిరిగేవి. భరణి పరుగు చూసిన ఎవరికైనా అక్కడ వాడు ఎంతకాలం బతుకుతాడో ఊహించడం కష్టం కాదు. నేను ఏడుపు లంకించుకున్నాను. చిన్నాయన మాత్రం గొంతు పెంచాడు.

"అమ్మా, ఇది ఊరికే తిని పడుండే కుక్క కాదు. బహుమానాలు తెచ్చే జాతి. వచ్చే నెల మన ఊర్లోనే పశువైద్య కాలేజీ మైదానంలో షో ఉండాది. వీడు కప్పు తేకపోతే నన్నడుగు."

"తెస్తాడా?"

"తెస్తాడు."

"సరే, తెమ్మను. తెస్తే ఈడే ఉంటాడు. తేకపోతే ఆ మర్నాడు తోటకు. ఇంగ నాకు మాటలు చెప్పబాక."

చిన్నాయన అంత వరకూ కుక్కల షో కళ్ళతో చూడలేదని ఆ రాత్రి నాకు చెప్పాడు. మద్రాసామె చెప్పింది విన్నాడు, అంతే. ఆమెకు లాడ్జి నుంచి ఫోను చేసి అడిగితే ఆమె వివరంగా చెప్పింది. కుక్క మనిషి ఎడమ పక్కన సన్నటి తాడుతో బిగుసుకోకుండా నడవాలి. బల్ల మీద నిలబెడితే నాలుగు కాళ్ళూ సరిగ్గా పెట్టి, తల ఎత్తి, కదలకుండా నిలబడాలి. ముక్కూ ముఖం తెలియని మనిషి వచ్చి నోరు తెరిచి పళ్ళు చూసినా, ఒళ్ళంతా తడిమినా ఊరుకోవాలి. ఇంతే. వినడానికి చాలా తేలిక.

నడక నేర్పే పని చిన్నాయన తీసుకున్నాడు. రోజూ సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని తీర్థకట్ట వీధి వైపు వెళ్ళొచ్చేవాడు. కొన్నాళ్ళకు చూస్తే భరణి అద్భుతంగా నడుస్తున్నాడు, కానీ ప్రతి టీ అంగడి ముందూ టక్కున ఆగి, చిన్నాయన వైపు తలెత్తి చూసేవాడు. అక్కడ చిన్నాయన టీ తాగి, పేపరు చదివి, ఇంకెవరితోనో ముచ్చట్లు పెట్టుకుంటాడని వాడికి అలవాటైపోయింది. షికారంటే ఇట్లాగే ఉంటుందని వాడనుకున్నాడు. ఇక లాభం లేదని తాడు నా చేతికి వచ్చింది. నేను లంగా ఎగదోపుకుని పెరట్లో బావి చుట్టూ వాణ్ణి తిప్పేదాన్ని. అవ్వ దేవుడి గది కిటికీ నుంచి తిరుప్పావై చదువుతూ, పాశురానికీ పాశురానికీ మధ్య, "ఏమ్మే, ఆ తాడు లాగబాక, వాని గొంతు నొస్తాది" అనేది. అని, నేను విన్నానేమోనని మళ్ళీ గట్టిగా పాశురం అందుకునేది.

కొత్తవాళ్ళ చేతికి అలవాటు చేయడానికి చిన్నాయనకు లాడ్జి దొరికింది. సెలవు రోజుల్లో వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, వసారాలో టేబులు మీద నిలబెట్టి, వచ్చిన వాళ్ళనల్లా "అన్నా, ఒక్కసారి దీని పండ్లు చూడండన్నా" అని బతిమాలేవాడు. కొండ మీద మొక్కు తీర్చుకుని, గుండు మీద చందనం పూసుకుని దిగివచ్చిన భక్తులు, అది కూడా ఏదో ఆచారమనుకుని కాబోలు, శ్రద్ధగా వంగి పళ్ళు చూసేవాళ్ళు. ఒకాయన చూసి కళ్ళకు అద్దుకున్నాడు కూడా. అట్లా భరణికి గుండ్ల వాళ్ళంటే మహా నమ్మకం కుదిరింది. చందనం వాసన తగిలితే చాలు, నోరు దానంతటదే తెరిచేవాడు. జుట్టున్న వాళ్ళను అంతగా చూడలేదన్న సంగతి మాకు అప్పుడు తట్టలేదు.

షో రోజు పొద్దున అవ్వ పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాడు చిన్నాయన.

"మీతోనే. నువ్వు గాంధీరోడ్డులో కప్పులు అమ్మే అంగడికి పోయి ఒకటి కొనుక్కోని రావని ఏం నమ్మకం?"

చిన్నాయన ముఖం చూస్తే, ఆ ఆలోచన ఆయనకు ముందే వచ్చి ఉంటుందని నాకు అర్థమైంది. నాయనకు బడి ఉందని తప్పించుకున్నాడు. అమ్మ పులిహోర పొట్లం కట్టి ఇచ్చి, భరణి నుదుటి మీద ఎవరూ చూడకుండా కుంకుమ బొట్టు పెట్టి పంపింది. ఆటోలో అవ్వ ఒక చివర, చిన్నాయన ఇంకో చివర, మధ్యలో నేను, నా పాదాల మీద భరణి.

మైదానంలో తాళ్ళు కట్టి చదరాలు చేశారు. షామియానా కింద కుర్చీలు. అల్సేషియన్లు, డాబర్మన్లు, దూదిలా తెల్లటి పామరేనియన్లు, వాటిని పట్టుకున్న బూట్లూ టైలూ వేసిన మనుషులు. నేను పరికిణీ, ఓణీ, కాళ్ళకు హవాయి చెప్పులు. భరణి నుదుటి బొట్టు చూసి పక్కన నిలబడిన మద్రాసు అబ్బాయి తమిళంలో ఏదో అని నవ్వాడు. మా వైపు ఊళ్ళలో తమిళం రానివాళ్ళు ఉండరని అతనికి తెలియదు. అవ్వ అదే తమిళంలో అతని కుక్క చెవి కింద గోమారు పురుగు ఉందని చెప్పింది. అతను నవ్వడం ఆపి చెవి వెతకడం మొదలుపెట్టాడు.

డాషండ్ల వంతు వచ్చింది. ముందు అందరినీ రింగు చుట్టూ నడవమన్నారు. నాలుగైదు కుక్కల్లో భరణిదే మంచి నడక, ఇది నేను ఇప్పుడు అన్నీ తెలిసిన మనిషిగా చెబుతున్న మాట. తల నిటారుగా పెట్టుకుని, తోక వీపుకు సమంగా చాచి, పడవ సాగినట్టు సాగుతున్నాడు. అప్పుడే తాటికి అవతల ఒకతను టీ కెటిలు పట్టుకుని వచ్చాడు. భరణి టక్కున ఆగిపోయాడు. తలెత్తి చుట్టూ చూశాడు. చిన్నాయన కనబడలేదు. వెనక వస్తున్న మద్రాసు అబ్బాయి కుక్క వచ్చి వీడికి గుద్దుకుంది. నేను తాడు ఆడించాను, బతిమాలాను, తిట్టాను. చివరికి చిన్నాయన షామియానా వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, "ఈ దినం టీ లేదురా, నడువు!" అని అరిస్తే అప్పుడు కదిలాడు.

తరువాత బల్ల. జడ్జి బెంగుళూరు నుంచి వచ్చిన పెద్దాయన. ముఖం సగం కప్పేంత టోపీ, గుబురు మీసాలు. ఆయన చెయ్యి చాచగానే భరణి నా చంకలో తల దూర్చి, పొట్టలోంచి ఒక గుర్రు తీశాడు. వడమాలపేట తోట, నక్కలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. జడ్జి తొందరపడలేదు. ఎండ మండిపోతోంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, టోపీ తీసి, రుమాలుతో తల తుడుచుకున్నాడు. నున్నటి బట్టతల. భరణి గుర్రు ఆపాడు. మెడ చాచి చూశాడు. మొక్కు తీర్చుకుని కొండ దిగొచ్చిన భక్తుడు! తోక టపటపా బల్లకు కొట్టి, నాలుగు కాళ్ళూ సర్దుకుని నిలబడి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచాడు. జడ్జి కళ్ళు మెరిశాయి. పళ్ళు చూశాడు, తల ఊపాడు. ఛాతీ తడిమాడు, తల ఊపాడు. వీపు మీద అరచెయ్యి ఆనించి తోక దాకా తెచ్చి, పక్కనున్న కాలేజీ లెక్చరరుతో ఇంగ్లీషులో చాలా బాగుందన్నాడు. తాటి అవతల చిన్నాయన అప్పుడే ఎవరికో షేక్‌హాండ్ ఇచ్చేస్తున్నాడు.

అప్పుడు జడ్జి చెయ్యి వెనక్కాళ్ళ మధ్యకు వెళ్ళింది. ఆగింది. మళ్ళీ వెతికింది. ముఖం చిన్నది చేసుకుని ఇంకోసారి వెతికి, నా వైపు చూసి, నేను ఆడపిల్లననో ఏమో, ఏమీ చెప్పకుండా లెక్చరరు చెవిలో ఒక మాట అని తల అడ్డంగా ఊపాడు. లెక్చరరు నన్ను బయటికి వెళ్ళమని చెయ్యి చూపించాడు. నేను భరణిని ఎత్తుకుని కదలకుండా నిలబడిపోయాను.

నన్ను దాటుకుని ఎవరో వెళ్ళారు. చూస్తే అవ్వ. తాడు పైకెత్తి, కింద నుంచి వంగి లోపలికి దూరి, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని జడ్జి ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఎందుకు పొమ్మంటివి మావాన్ని? పండ్లు బాగలేవా? నడక బాగలేదా?"

"ఎల్లా చెన్నాగిదె అమ్మా, ఆదరె..." అని జడ్జి కన్నడంలో నసిగి, లెక్చరరు వైపు చూశాడు.

"అన్నీ బాగుండాయి అవ్వా. కాకపోతే... రెండు ఉండల్ల. ఒకటే ఉండాది" అన్నాడు లెక్చరరు ఆకాశం వైపు చూస్తూ.

"ఏవి రెండు?"

"అదే అవ్వా... ఒకటి ఇంగా కిందికి దిగలేదు."

"యాడి నుంచి దిగల్ల?" అని అవ్వ కూడా ఆకాశం వైపు చూసింది.

ఇక చిన్నాయనే తాడు దాటి వచ్చి, ఎర్రబడిన ముఖంతో ఆమె చెవిలో చెప్పాడు. మగకుక్కకు వృషణాలు రెండూ కిందికి దిగి ఉండాలి, ఒకటే ఉంటే ఎంత అందగాడైనా షోకు పనికిరాడు, అది రూలు. అవ్వ నిదానంగా విన్నది. భరణిని చూసింది. జడ్జిని ఎగాదిగా చూసింది.

"అదా! అది లెక్కపెట్టేదానికా బెంగుళూరు నుంచి వచ్చినావు?"

మొదట మద్రాసు అబ్బాయి నవ్వాడు. తరువాత లెక్చరరు. ఆ తరువాత షామియానా కిందున్న జనమంతా. జడ్జి టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా నవ్వి, నవ్వి, చివరికి టోపీ తీసి అవ్వకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. చిన్నాయన చెప్పే కథలో అది ఒక్కటి మాత్రం నిజం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు ఏడుపు ఆగడం లేదు. చిన్నాయన రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. పులిహోర పొట్లం విప్పనే లేదు. వంతెన దగ్గర ఆటో ఆగినప్పుడు అవ్వ నా వైపు తిరగకుండానే మాట్లాడటం మొదలుపెట్టింది.

"నన్ను సూసేదానికి ముందు వచ్చినోళ్ళు మీ తాతోళ్ళు కాదు. ఇంకోళ్ళు. నీ ఈడుదాన్నే నేను అప్పుడు. పండ్లు సూపించమన్నారు. జడ విప్పించినారు, సవరం పెట్టినామేమోనని. వాకిలి కాన్నించి కొట్టం దాకా నడిపించినారు, కుంటిదేమోనని. ఒకామె నా చెయ్యి తిప్పి తిప్పి సూసింది. అంతా సూసి, మజ్జిగ కూడా తాక్కుండా లేసిపోయినారు. ఏం తక్కువైందో ఈ దినానికీ నాకు తెలీదు." నా పాదాల మీద పడుకున్న భరణి వైపు చూసింది. "వీనికన్నా చెప్పినారు."

చిన్నాయన తల తిప్పి తల్లిని చూశాడు. ఈ సంగతి ఆయనా ఎప్పుడూ వినలేదనుకుంటాను.

"మరి వడమాలపేట..." అన్నాను నేను.

"పోయినోళ్ళు పోయినారు. అంతమాత్రాన మా అమ్మ నన్ను మామిడితోటకు తోలిందా? గమ్మునుండు. ఆ పులిహోర ఇట్లియ్యి."

ఇంటికి చేరాక అందరం మైలపడ్డామని, అందరూ స్నానం చేయాల్సిందేనని అవ్వ తీర్పు చెప్పింది. ముందు తను పోసుకుంది, తరువాత మమ్మల్ని పోసుకోమంది. చివర చేదతో ఇంకో రెండు బిందెలు తోడి, "వాడు మాత్రం మైలపడల్యా?" అని భరణికి తన చేత్తోనే పోసింది. అమ్మ తిరగలి దగ్గరికి పరుగెత్తింది. రాత్రి భోజనాల దగ్గర జరిగిందంతా విని నాయన ఇంకా నోరు తెరవకముందే, అవ్వ చిన్నాయనతో అంది, "మొదలుపెట్టినాము గదా, మధ్యలో వదలకూడదు. ఆ మద్రాసామెకు ఫోను చేసి చెప్పు. ఈసారి ఆడదాన్ని ఇమ్మను. వెతికేదానికి ఏమీ ఉండదు."

మద్రాసామె విని ముందు నొచ్చుకుంది, తరువాత ఫోనులోనే పగలబడి నవ్వింది, తరువాత ఆడ కుక్కపిల్లను పంపింది. అవ్వే కావేరి అని పేరు పెట్టింది. నిక్కచ్చి పిల్ల, ముగ్గును చుట్టి వెళ్ళేది. జుట్టున్న వాళ్ళూ లేనివాళ్ళూ అందరి చేతా పళ్ళు చూపించి దాన్ని తయారుచేశాను. మద్రాసులో జరిగిన షోలో అది తన జాతిలో మొదటిదిగా వచ్చింది. అక్కడి నుంచి నా బతుకులో ఈ వ్యవహారం ఒక్క ఏడాది కూడా ఆగలేదు. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, నేను మాత్రం ఎక్కడ తాళ్ళు కట్టిన మైదానం కనబడితే అక్కడ ఒక పొట్టి కుక్కను పట్టుకుని నిలబడ్డాను. ఈ మధ్య చిన్నచిన్న షోలకు నన్నే జడ్జిగా పిలుస్తున్నారు. ఇప్పుడు కుక్కలు ఏసీ బండ్లలో వస్తాయి. వాటికి వేరే షాంపూ, వేరే డ్రయ్యరు, వేరే డాక్టరు. రింగులో తిప్పడానికి కోటు వేసుకున్న మనిషిని పెట్టుకుని, యజమానులు షామియానా కింద సెల్‌ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. కుక్కలు అప్పటికంటే అందంగా ఉన్నాయి, అందులో అబద్ధం లేదు. అవి తమ యజమానుల ఏ చెడ్డ అలవాటూ నేర్చుకోలేదని చూసినప్పుడు మాత్రం కొంచెం జాలేస్తుంది. ఎప్పుడైనా ఒక కుక్కను బయటికి పంపాల్సి వస్తే, దాన్ని పట్టుకొచ్చిన వాళ్ళను దగ్గరికి పిలిచి, ఏం తక్కువైందో వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో చెప్పి పంపుతాను. చెప్పడానికి మొహమాటంగా ఉన్నా చెబుతాను. ఆడపిల్ల పట్టుకొచ్చినా చెబుతాను.

కావేరి కప్పు తెచ్చిన వారంలోనే అవ్వ అందరినీ ఫోటో స్టూడియోకు బయలుదేరదీసింది. భరణి ఎందుకని నాయన అడిగితే, "వాడు ఇంట్లో మనిషి కాదా?" అంది. స్టూడియోలో వెనక తెర మీద కొండలూ జలపాతమూ. ముందు స్టూలు మీద కప్పు. కప్పుకు ఒక పక్క కావేరి, ఇంకో పక్క భరణి, వెనక మేమంతా. ఫోటో తీసే అతను నల్లగుడ్డ సర్దుకుని, దీపాలు వెలిగించి, ముందుకొచ్చాడు. గుండు. ఆ వారమే కొండకు వెళ్ళొచ్చినట్టున్నాడు, చందనం ఇంకా వాసన వేస్తోంది. కావేరికి దీపాల వేడి నచ్చలేదు. తిరిగి కూర్చుని, అందరికీ వీపు చూపించి, చెవి గోక్కోవడం మొదలుపెట్టింది. భరణి మాత్రం నాలుగు కాళ్ళూ చదరంగా పెట్టి, ఛాతీ ముందుకు పొడిచి, మెడ ఎత్తి, తోక చాచి, ఏ పుస్తకంలోనూ అంతకంటే మంచి బొమ్మ ఉండదన్నట్టు నిలబడ్డాడు.

ఫోటో అతను కెమెరాలోంచి చూసి, "అబ్బా! కప్పు గెలిచినోడంటే ఇట్లుండల్లప్పా! ఆ రెండోదాన్ని పక్కకు తీసేద్దునా?" అన్నాడు.

చిన్నాయన నోరు తెరిచాడు. అవ్వ వెనక నుంచి ఆయన చెయ్యి గిల్లింది.

"దాన్నీ ఉండనీలే నాయనా" అంది ఫోటో అతనితో. "అది కూడా ఇంట్లోదే."